ఇంట్లో చివరి దిండు ఎవరిది?

ఆదివారం పొద్దున దిండ్ల గలీబులన్నీ ఊడదీసి ఉతుక్కు వేయడం మా ఇంట్లో నా పని. మంగంపేటలో ఉండేవాళ్లకు ఈ పని వారం దాటితే కుదరదు. ఊరి పక్కనే ముగ్గురాళ్ల గని, దాని చుట్టూ పొడి కొట్టే మిల్లులు, రోజంతా తిరిగే టిప్పర్లు. కిటికీలు మూసిపెట్టినా సాయంత్రానికి మంచం మీద చేయి వేస్తే సన్నటి పొడి తగులుతుంది.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం అట్లా గలీబులు తీసి, ఐదు దిండ్లూ మంచం మీద వరసగా పడేసి చూశాను. మా ఆయనది తిరుపతిలో కొన్న మెత్తటి ఫైబర్ దిండు. మా వాడిది హాస్టల్‌కు పోయేటప్పుడు కొత్తగా కొన్నది, సెలవులకు వచ్చినప్పుడు ఇంటికి తెచ్చుకుంటాడు. అమ్మాయిది బొమ్మల దిండు, అదీ కొత్తదే. మా అత్తది దూది దిండు, పాతదే అయినా మొన్నీమధ్య ఏకించి కుట్టించింది. ఐదోది నాది. ఒకప్పుడు అది మా వాడి దిండు. వాడికి కొత్తది వచ్చాక చుట్టాల దిండయింది. చుట్టాలకు వేయడానికి సిగ్గనిపించాక నా తలకిందికి వచ్చింది. మధ్యలో పల్లం, అంచుల్లో గడ్డలు. రెండు చేతులతో లేపితే రొట్టె మాదిరి వేలాడింది.

దాన్ని నాకు ఎవరూ అంటగట్టలేదు, నేనే తీసుకున్నాను. అడుగంటిన అన్నం, విరిగిన అప్పడం ఎట్లా మన కంచంలోకి వస్తాయో అట్లనే ఈ దిండూ వచ్చింది. మీ ఇంట్లో కూడా ఇంతేనా?

అప్పటికి ఆరేడు నెలలుగా నాకు పొద్దున లేస్తే మెడ పట్టేసి ఉండేది. ఎడమపక్కకు తల తిప్పాలంటే నడుముతో సహా తిరగాల్సి వచ్చేది. పదిగంటలకల్లా తలనొప్పి. ఆ నొప్పితో పిల్లల మీద అరుపులు, తర్వాత అరిచినందుకు బాధ. బామ్ రాసుకున్నా, కాపడం పెట్టుకున్నా. సింకు ముందు వంగి అంట్లు తోమేదానికి అనుకున్నా, ఫోన్ ఎక్కువ చూసేదానికి అనుకున్నా. రాత్రి ఏడు గంటలసేపు మెడ దేనిమీద ఉందో మాత్రం ఒక్కరోజూ ఆలోచించలేదు.

ఇంట్లో కొలత లేకుండా కొనే వస్తువు దిండొక్కటే. జాకెట్టుకు కొలత ఇస్తాం, చెప్పులకు సైజు చూస్తాం, గాజులు కూడా చేతికి ఎక్కించి చూస్తాం. దిండును మాత్రం షాపులో ఒక్కసారి నొక్కి, "మెత్తగా ఉంది, రెండు ఇవ్వు" అంటాం.

ముందు తరంవాళ్లు ఇట్లా చేయలేదు. నా చిన్నప్పుడు మా ఊరికి దూదేకుల తాత ఒకాయన వచ్చేవాడు, భుజాన పెద్ద విల్లు వేసుకుని. ఆ విల్లు నారి మీద కొడుతుంటే దూది మేఘం మాదిరి లేచేది. దిండులో దూది కూరే ముందు ఆయన అడిగే మొదటి మాట, "ఎవరికమ్మా?" మా నాయనకంటే ఒక తీరు, మా అవ్వకంటే ఇంకో తీరు. అవ్వ పండుకుని చూసి, "ఎత్తయింది, రెండు పిడికిళ్లు తీసెయ్" అనేది. ఆయన కుట్టు విప్పి తీసేవాడు. అంటే దూది దిండు మనిషిని బట్టి తయారయ్యేది. పత్తి దూది కానీ, బూరుగు దూది కానీ, తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు, అణిగిపోతే ఏకించుకోవచ్చు.

లేటెక్స్ దిండు అట్లా కాదు. అచ్చులో పోసి తీసింది. దాని ఎత్తు దానిదే. పిడికెడు తీయలేం, పిడికెడు పెట్టలేం. అందుకని కొలత కొనే ముందే మనకు తెలిసి ఉండాలి. ఇది తెలియకనే నేను మొదటిసారి బోల్తా పడ్డాను.

లేటెక్స్ అంటే రబ్బరు చెట్టు పాలు. జిల్లేడు ఆకు తుంచితే, మర్రికొమ్మ విరిస్తే పాలు కారుతాయి చూడండి, అట్లాంటివే. మన దేశంలో రబ్బరు తోటలు ఎక్కువగా ఉన్నది కేరళలో. రబ్బరు బోర్డు ఆఫీసు కూడా అక్కడి కొట్టాయంలోనే ఉంది. తెల్లవారకముందే చెట్టు బెరడు మీద ఏటవాలుగా గీత గీసి, కింద చిప్ప కట్టి పాలు పడతారు. ఆ పాలల్లో సుమారు మూడో వంతు రబ్బరు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లు తగ్గించి, చిక్కబరిచి, గంధకం లాంటివి కలిపి, నురగ వచ్చేలా గిలక్కొట్టి, అచ్చులో పోసి ఉడికిస్తే దిండు. మన ఇడ్లీ పద్ధతే అనుకోండి. ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీవాళ్లు 1929లో ఈ పద్ధతి కనిపెట్టారు. మర్ఫీ అనే శాస్త్రవేత్త మొదటిసారి వంటింటి సామానుతోనే ఆ నురగ గిలక్కొట్టాడని చెప్తారు. దిండు నిండా కనిపించే చిన్నచిన్న చిల్లులు అచ్చులోని కమ్ముల గుర్తులు. వేడి లోపలిదాకా పోయి సమంగా ఉడకడానికి పెట్టినవి. మనకు మాత్రం అవే గాలి ఆడే దారులు.

ఇంకో రకం మెమరీ ఫోమ్. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం 1966లో విమానాల సీట్లకని తయారుచేసిన పదార్థం అది. రబ్బరు కాదు, పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ జాతి. నొక్కితే గుంట పడి మెల్లగా లేస్తుంది. ఒంటి వేడికి మెత్తబడి తల ఆకారానికి ఒదగడమే దాని గుణం. చలిదేశాల్లో అది సుఖమేమో. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన కడప ఎండల్లో, రాత్రి పదకొండుకు కూడా గోడలు కాగుతున్న గదిలో, అది తల పెట్టకముందే మెత్తబడి ఉంటుంది. నొక్కితే వెంటనే తిరిగి లేచేది లేటెక్స్, నిదానంగా లేచేది మెమరీ ఫోమ్. షాపులో ఈ ఒక్క తేడా గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇక నా బోల్తా సంగతి. దిండు మార్చాలని నిర్ణయించుకున్నాక ఆన్‌లైన్‌లో ఒక లేటెక్స్ దిండు తెప్పించాను. పద్దెనిమిది వందలు. ఆరంగుళాల ఎత్తు ఉన్నది ఎంచుకున్నాను, దిండంటే ఎత్తుగా ఉంటేనే సుఖమని నా లెక్క. మన దూది దిండు చూడ్డానికి ఆరంగుళాలు ఉన్నా, తల పెట్టగానే మూడుకు దిగిపోతుంది. లేటెక్స్ అట్లా అణగదు, కొంచెం దిగి అక్కడ నిలబడుతుంది. దాని గొప్పతనమంతా అదే, నాకు ముప్పు తెచ్చిందీ అదే. వారం తిరిగేసరికి మెడ ఎడమకు బదులు కుడికి పట్టేసింది.

సర్లే అలవాటు పడుతుందని ఉంచాను. మా అత్త చూసి, "వాసన వచ్చాంది గదమ్మే, ఎండలో పెట్టు. ఎండ తగిలితే ఏ దిండైనా పొంగుతాది" అంది. మా సీమలో ఎండకు వేయనిది ఏముంది? మిరపకాయలు, వడియాలు, బొంతలు, పరుపులు అన్నీ మిద్దెమీదికే. ప్రతి ఆదివారం ఆ దిండునూ మిద్దెమీద వేశాను. ఆ ఎండాకాలం అయిపోయేసరికి దిండు పైభాగం పసుపు రంగుకు తిరిగి, గట్టిపడి, వేలితో గీకితే రస్కు మాదిరి పొడి రాలింది. రబ్బరుకు ఎండ విషం. మిద్దెమీద వదిలేసిన రబ్బరు బ్యాండ్లు, సైకిల్ ట్యూబులు పగుళ్లు పట్టడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్నే, దిండు కూడా రబ్బరేనని తోచలేదు. మా అత్త చెప్పింది దూదికి నూటికి నూరుపాళ్లు నిజం. లేటెక్స్‌కు తిరగబడింది. కొత్త దిండుకు వచ్చే పచ్చి రబ్బరు వాసన పోవాలంటే నీడలో, గాలి ఆడేచోట నాలుగైదు రోజులు పెడితే చాలు.

పద్దెనిమిది వందలు పోయాక బుద్ధి వచ్చి, కొలతతో మొదలుపెట్టాను. దీనికి పైసా ఖర్చు లేదు, ఈ రాత్రే మీరూ చేసుకోవచ్చు.

మీరు ఎక్కువగా ఏ పక్కన పండుకుంటారో ముందు గమనించుకోండి. పక్కకు తిరిగి పండుకునేవాళ్లయితే గోడకు భుజం ఆనించి నిలబడి, తల నిటారుగా పెట్టండి. చెవికీ గోడకూ మధ్య ఎంత ఖాళీ ఉందో పిల్లలతో స్కేలు పెట్టి కొలిపించండి. తల పెట్టాక దిండు నిలబడాల్సిన ఎత్తు ఇంచుమించు అంత. నాది నాలుగున్నర అంగుళాలు వచ్చింది. వెల్లకిలా పండుకునేవాళ్లకు ఇంతకన్నా తక్కువ ఎత్తు కావాలి, మెడ కింద ఒంపు నిండితే చాలు, గడ్డం గుండెకు ఆనకూడదు. బోర్లా పండుకునేవాళ్లకు పల్చటి దిండే మేలు, లేకపోయినా ఫరవాలేదు.

తర్వాత మంచం చూసుకోండి. చాప మీద, గట్టి దూది పరుపు మీద భుజం దిగదు, కాబట్టి కొలిచిన ఎత్తంతా కావాలి. మెత్తటి పరుపులో భుజం లోపలికి పోతుంది, నవారు మంచం మధ్యలో జోలె కడుతుంది. వాటి మీద దిండు ఎత్తు ఒక అంగుళమైనా తగ్గించుకోవాలి. ఒకే దిండు ఒక మంచం మీద సుఖంగా, ఇంకో మంచం మీద శిక్షగా ఉండేది ఇందుకే.

కొనేముందు దుప్పట్లు మడిచి ఆ ఎత్తుకు పేర్చి, రెండు మూడు రాత్రులు పండుకుని చూడండి. పొద్దున మెడ తేలికగా ఉందా? అప్పుడు అదే ఎత్తు దిండు వెతకండి. లేటెక్స్ కాస్తే అణుగుతుంది కనుక, కొలతకు అర అంగుళం అటూఇటూ ఉన్నదే తీసుకోండి.

అసలైనదో కాదో ఎట్లా తెలుస్తుందని నా స్నేహితురాలు అడిగింది. బరువు చూడమని కొందరు చెప్తారు. ముగ్గురాళ్ల ఊరిదాన్ని, బరువు సంగతి నాకు చెప్పాలా! మామూలు రాయీ ముగ్గురాయీ ఒకే సైజుయి చేతిలో పెడితే, కళ్లు మూసుకుని చెప్పేస్తాం ఏది ఏదో. ఆ బరువు కోసమే దాని పొడి చమురు బావులు తవ్వేచోటికి పోతుంది. కొంత రంగుల్లో, రబ్బరు సామాన్లలో కలిపేదానికీ పోతుంది. అక్కడే ఉంది మెలిక. రబ్బరులో రాతిపొడి, సుద్దపొడి లాంటివి కలిపి బరువు పెంచొచ్చు. కాబట్టి లేటెక్స్ దిండు ఫైబర్ దిండు కన్నా బరువుగా ఉంటుందనేది నిజమే కానీ, బరువుగా ఉన్నదల్లా మంచి లేటెక్స్ కాదు. అట్ట మీద రాసింది చదవండి. "సహజ లేటెక్స్" అని పెద్దగా రాసి, కింద చిన్న అక్షరాల్లో మిశ్రమం అని ఉండొచ్చు. కృత్రిమ రబ్బరు కలిస్తే అది దిండు కాకుండా పోదు, ధర మాత్రం ఆ లెక్కకు తగ్గాలి. ఎన్ని రోజుల్లో వాపసు తీసుకుంటారో కూడా అడగండి. దిండు సంగతి తేలడానికి వారం పది రోజులు పడుతుంది, రెండు రోజుల గడువు ఉన్నవాళ్ల దగ్గర కొనకండి.

ఇంకో రెండు జాగ్రత్తలు ఆడవాళ్లం ముఖ్యంగా తెలుసుకోవాలి. ఒకటి తలనూనె. రబ్బరుకు ఎండ తర్వాత శత్రువు నూనే. మనం కొబ్బరినూనె, ఆముదం పట్టించుకుని పండుకునేవాళ్లం. అందుకని లోపల దట్టమైన నూలు గుడ్డతో ఒక తొడుగు, దానిమీద గలీబు, రెండూ ఉండాలి. నూనె రాసుకున్న రాత్రి పైన ఒక పాత తువాలు పరవండి. లేటెక్స్ దిండును బకెట్లో నానబెట్టడం, మిషన్‌లో వేయడం వద్దు. నీళ్లు పీల్చి బరువెక్కి చినిగిపోతుంది. మరక పడితే తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. తొడుగులు మాత్రం ప్రతివారం వేడినీళ్లలో ఉతకాల్సిందే.

రెండోది, రబ్బరు పడనివాళ్లు. ఆస్పత్రిలో వేసుకునే రబ్బరు గ్లవుజులు, బెలూన్లు తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లు కొందరుంటారు. వాళ్లు లేటెక్స్ జోలికి పోయే ముందు డాక్టరును అడగాలి. రబ్బరు పడనివాళ్లలో కొందరికి అరటి, బొప్పాయి తిన్నా నోరు దురద పెడుతుంది. మా రైల్వేకోడూరు చుట్టుపక్కలంతా ఆ రెండు తోటలే కాబట్టి, ఇట్లా నోరు దురద పెట్టే సంగతి మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే గుర్తుకు తెచ్చుకోండి. ఏడాది లోపు పసిపిల్లలకైతే ఏ దిండూ వద్దు. వాళ్ల పక్కన మెత్తటి సామాను ఏది ఉన్నా ఊపిరికి అడ్డం పడే ప్రమాదం.

మెడ నొప్పి చేతిలోకి దిగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా దిండ్లు మార్చుకుంటూ కూర్చోకండి, డాక్టరు దగ్గరికి పోండి. నేనూ పోయాను. పరీక్ష చేసి, కండరాల పట్టేనని చెప్పి, మెడకు వ్యాయామాలు నేర్పించి, "మీ దిండు ఎట్లా ఉంటుంది?" అని అడిగారు. ఆ ప్రశ్న అంతకుముందు నన్ను ఎవరూ అడగలేదు, నేను కూడా.

రెండో దిండు నాలుగున్నర అంగుళాలది, రెండువేల నాలుగు వందలు పెట్టి కొన్నాను. నా చీటీ డబ్బులు. ధర విని మా ఆయన "దిండుకా!" అన్నాడు. ఆయన ఫోన్ ధర నేను అడగలేదు, ఆయనకే గుర్తొచ్చినట్టుంది, ఆ తర్వాత మాట్లాడలేదు. మా అత్త మాత్రం ఊరుకోలేదు. "ఇన్ని దుడ్లు పోసి దిండా? మా కాలంలో మడిచిన కోకే దిండు. మాకు నిద్ర పట్టలేదా?" అంది.

ఆమె మాటలో సగం ఒప్పుకుంటాను. అందరికీ లేటెక్స్ అక్కర్లేదు. దూది దిండు సరిపోతున్నవాళ్లు దాన్నే ఏకించుకోవడం మంచిది. ఖర్చు తక్కువ, ఎండకు భయపడదు, మన ఊళ్లోనే ఒకరికి పని దొరుకుతుంది. పక్కకు తిరిగి పండుకుని, దూది అణిగిపోయి, రాత్రి నాలుగుసార్లు లేచి దిండు దులుపుకునే నాలాంటివాళ్లకు లేటెక్స్ ఉపయోగం. నాకు నెల రోజుల్లో తేడా తెలిసింది. దిండు ఒక్కటే కాదు, వ్యాయామం కూడా సాయం చేసి ఉంటుంది. పొద్దున తల తిప్పి కిటికీలోంచి చూడగలుగుతున్నాను. పది గంటల తలనొప్పి లేదు. పిల్లల మీద అరవడం పూర్తిగా పోయిందని చెప్పను కానీ, తగ్గింది.

మిగతా సగం మాత్రం ఒప్పుకోను. "మాకు నిద్ర పట్టలేదా" అన్న ఆమెనే ఒక రాత్రి గమనించాను. దూది దిండు మీద పండుకుని, మెడ కింద మళ్లీ ఒక పాత కోక చుట్టి పెట్టుకుంటోంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, "ఏమో, ఇరవై ఏండ్లయింటాది. ఎత్తు ఎక్కువయి మెడ కింద సందు పడతాది. ఎవురికి చెప్పేది?" అంది.

మరుసటి రోజు ఆమెను వెల్లకిలా పండుకోబెట్టి నేనే కొలిచాను. మూడంగుళాలు కూడా రాలేదు. ఆమె దిండు చంకలో పెట్టుకుని కోడూరులో దూది ఏకే మిషన్ షాపుకు పోయాం. ఇప్పుడు విల్లు లేదు, కరెంటు మిషనే. షాపు అబ్బాయి దిండు చేతిలోకి తీసుకుని, "ఎవరికి మేడం?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా అత్త ముందుకు వచ్చి, "నాకే నాయనా. సగం దూది తీసెయ్, మెడకాడ రవ్వంత ఎక్కువ పెట్టు" అని చేత్తో కొలత చూపించింది. ఇరవై ఏళ్లుగా ఆ కొలత ఆమెకు తెలుసు. అడిగినవాళ్లే లేరు.

ఈ ఆదివారం గలీబులు ఊడదీసినప్పుడు దిండ్లన్నీ ఒక వరసలో పెట్టి చూడండి. చివరిది మీదే అయితే, ముందు స్కేలు తీసుకోండి. ఆ తర్వాత మీ అత్తను, మీ అమ్మను కూడా అడగండి.